వారాల కుర్రాళ్ల బడి

సోమ, మంగళవారాలు దాసన్నపేటలో మేనత్త ఇంట్లో. బుధ, గురువారాలు తోటపాలెంలో పిన్ని ఇంట్లో. శుక్ర, శనివారాలు మూడు లాంతర్ల దగ్గర టీ బడ్డీ నడిపే మా నాన్న స్నేహితుడి ఇంట్లో, ఆయన్ని నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆదివారం మధ్యాహ్నం మళ్లీ మేనత్తే పిలిచి పెట్టేది. 1983 జూన్ నుంచి 1986లో టెన్త్ పరీక్షలు అయ్యేదాకా విజయనగరంలో నా బతుకు ఇదే. ఒక రేకు పెట్టె, రెండు జతల బట్టలు, పుస్తకాల సంచి. పెట్టె మేనత్త ఇంట్లో ఉండేది, సంచి మాత్రం నాతో పాటు ఇళ్లు మారేది.

మాది చీపురుపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న నెల్లిమర్ల జూట్ మిల్లులో పనిచేసేవాడు. పొద్దున్నే పాసింజరుకి వెళ్లి రాత్రికి వచ్చేవాడు, చొక్కా నిండా గోగునార దుమ్ము. దగ్గర్లో హైస్కూలు లేక కాదు నన్ను విజయనగరం పంపింది. "మారాజు గారి బడిలో సదవాల" అని నాన్నకి ఒకటే పట్టుదల. ఎందుకు అని అడిగితే చెప్పలేడు. ఆ బడిలో చదివినవాళ్లు పెద్దవాళ్లయ్యారని ఎవరో మిల్లులో చెప్పారట, అంతే. ఎవరయ్యారో, ఏమయ్యారో నాన్నకి తెలియదు. నాకూ తెలియదు. నేను ఎనిమిదో తరగతిలో చేరేనాటికి నాకు తెలిసిన విజయనగరం అంటే సిరిమాను జాతర ఒక్కటే. దసరా తర్వాత వచ్చే మంగళవారం నాన్న భుజాల మీద కూర్చుని, అంత ఎత్తు మాను చివర పూజారి ఊగుతూ వెళుతుంటే నోరు తెరుచుకుని చూసిన ఊరు.

చేరిన కొత్తలో ఏడుపొచ్చేది. ముద్ద దిగేది కాదు. ఎవరూ ఏమీ అనలేదు, నిజానికి అందరూ బాగానే చూశారు, కానీ అన్నం పెట్టే ఇల్లు రెండు రోజులకోసారి మారుతుంటే పిల్లవాడికి ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. ఏ ఇంట్లో చెంబు ఎక్కడ ఉంటుందో గుర్తుపెట్టుకోవాలి. ఏ ఇంట్లో రెండోసారి కూర అడగొచ్చో, ఏ ఇంట్లో అడగకూడదో మనంతట మనమే తెలుసుకోవాలి. మేనత్త చోడి అంబలి పోసి, నెత్తళ్లు వేయించి, "తినీసి ఎల్లు నాయినా, పొద్దోయింది" అనేది. పిన్ని వాళ్లాయన కలెక్టరాఫీసులో గుమాస్తా, ఆ ఇంట్లో మాట వేరు, "భోంచేసి వెళ్లు బాబూ" అనేవారు. నేను "తినీసినాను" అంటే వాళ్ల పిల్లలు నవ్వేవారు, వెక్కిరింపు కాదు, వాళ్లకి కొత్తగా వినపడేది అంతే. బాబాయ్ టీ బడ్డీ దగ్గర అయితే ఊళ్లోని భాషలన్నీ ఒకేచోట. రిక్షావాళ్లు, కోర్టు గుమాస్తాలు, అరటిగెలలు దింపుకునే వ్యాపారులు, బొబ్బిలి సాలూరు వైపు నుంచి వచ్చిన వాళ్లు, ఒక్కొక్కరిది ఒక్కో యాస. సాయంత్రం గ్లాసులు కడుగుతూ అవన్నీ వినేవాణ్ణి. అది కూడా చదువేనని అప్పట్లో నాకేం తెలుసు.

బడికి వెళ్లే దారిలో గంటస్తంభం, ఆ తర్వాత కోట, కోట ఎదురుగా బొంకులదిబ్బ. ఈ పేరు వినగానే కొందరికి ఒళ్లు పులకరిస్తుందని నాకు తెలుసు. నాకు మాత్రం రెండేళ్లు అది ఉత్త దారి.

తొమ్మిదో తరగతిలో తెలుగు మాస్టారు మారారు. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయనకి ఇలాంటివి ఇష్టం ఉండేవి కావు. సన్నగా, తెల్ల పంచె, చేతిలో ఎప్పుడూ నలిగిన చేతి సంచి. మొదటి వారంలోనే "మా ఇల్లు" అని వ్యాసం రాయమన్నారు. నేను దానికి ముందు చదివిన ఒక చిన్న బడిలో, ఊరి పేరు ఎందుకులెండి, "ఎల్లిపోనాడు" అని రాసినందుకు ఒక అయ్యవారు "వెడలిపోయెను" అని వంద సార్లు రాయించారు. ఆ భయంతో మా ఇంటి గురించి కూడా గ్రంథంలో రాసినట్టు రాశాను. మా జనకుడు జనపనార కర్మాగారమునందు పనిచేయుచుండును అని. మాస్టారు అది చదివి, నన్ను లేపి, "మీ నాన్న ఎక్కడ పనిచేస్తాడ్రా?" అని అడిగారు. "నెల్లిమర్ల మిల్లుల అండి" అన్నాను. "మరి అదే రాయొచ్చు కదరా" అన్నారు. క్లాసంతా నవ్వలేదు. మాస్టారి గొంతు అలాంటిది.

ఆ రోజు పాఠం చెప్పలేదు ఆయన. మేం కూర్చున్న బడి కథ చెప్పారు.

1857లో విజయరామ గజపతిరాజు గారు పెట్టించిన బడి ఇది. 1879లో దానికి కాలేజీ కూడా తోడయింది. అప్పుడు ప్రిన్సిపాలు చంద్రశేఖరశాస్త్రి గారు. ఆ రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లు ఈ బడిలో చదివేవారు. ఒకడు చీపురుపల్లి నుంచి వచ్చాడు. ఆ మాట వినగానే నేను నిటారుగా కూర్చున్నాను, మా చీపురుపల్లి! తండ్రి విజయనగరం సంస్థానంలో ఉద్యోగి, ఆయన పోయాక దిక్కులేక ఈ ఊరొచ్చాడు. తినడానికి లేదు. వారాలు చేసుకుని చదువుకున్నాడు. చంద్రశేఖరశాస్త్రి గారు చేరదీసి తన దగ్గర ఉంచుకున్నారు. రెండో కుర్రాడు వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టినవాడు. చోడవరంలో విషజ్వరంతో తండ్రి పోయిన ఏడాదే, 1875లో, ఈ బడికి వచ్చాడు. ఇద్దరూ తండ్రి లేని పిల్లలు. మొదటివాడు గురజాడ అప్పారావు, రెండోవాడు గిడుగు రామమూర్తి.

"వారాలంటే ఏంటో తెలుసా మీకు?" అని మాస్టారు అడిగారు. కొందరు తెలియదన్నారు. వారానికి ఏడు రోజులు, ఏడు ఇళ్లు, రోజుకో ఇంట్లో అన్నం అని ఆయన చెబుతుంటే నాకు తల ఎత్తాలనిపించలేదు. అప్పటిదాకా నా తిండి సంగతి క్లాసులో ఎవరికీ చెప్పలేదు నేను. సిగ్గు. ఆ రోజు బడి వదిలాక గంటస్తంభం దగ్గర నా పక్క బెంచీ వాడికి చెప్పాను, మూడిళ్లలో తింటానురా అని. వాడు గజపతినగరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాడు. "నీకు మూడిళ్లున్నాయి, నాకు ఒక్క హాస్టలేరా" అన్నాడు. ఇప్పటికీ వాడు నాకు స్నేహితుడే.

అక్కడి నుంచి మాస్టారు ఆ ఇద్దర్నీ వదల్లేదు. వారానికి ఒక్కసారైనా వాళ్ల మాట వచ్చేది. గిడుగు 1879లో మెట్రిక్ ప్యాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి మాస్టారుగా చేరాడు. గురజాడ 1882లో మెట్రిక్ ప్యాసయ్యాడు, 1884లో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, అయిపోగానే తాను చదివిన మహారాజా వారి హైస్కూల్లోనే 25 రూపాయల జీతానికి మాస్టారయ్యాడు. ఈ అంకెలు మాస్టారు బోర్డు మీద రాసి, ఇద్దరికీ కలిపి 55 రూపాయలు, దానికి తెలుగువాళ్లు ఎంత బాకీ పడ్డారో లెక్క కట్టండి అనేవారు. మేం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

నాకు గురజాడ సంగతుల్లో బాగా పట్టుకున్నది ఒకటుంది. ఆయన మొదట రాసింది ఇంగ్లీషులో. సారంగధర కథని కుర్రవయసులోనే ఇంగ్లీషు పద్యాల్లో రాస్తే, కలకత్తాలో పత్రిక నడిపే శంభుచంద్ర ముఖర్జీ అనే పెద్దాయన చూసి మెచ్చుకుని, ఎంత బాగా రాసినా అది పరాయి భాషే, నీ భాషలో రాయి అని సలహా ఇచ్చాడట. ఎక్కడి బెంగాల్, ఎక్కడి విజయనగరం. ఆ మాట విన్నాడు కాబట్టే కదా 1892లో ఇదే ఊళ్లో కన్యాశుల్కం నాటకం ఆడారు. 1897లో అచ్చయింది, 1909లో దాన్నే ఎంతో పెంచి మళ్లీ రాశాడు. నాటకం తెర తీస్తే మొదటి చోటే విజయనగరంలో బొంకులదిబ్బ! మాస్టారు ఆ పేజీ చదివి వినిపించిన రోజు సాయంత్రం నేను బొంకులదిబ్బ దగ్గర ఆగిపోయి ఎంతసేపు నిలబడ్డానో. రోజూ దాటిపోయే దారే. గిరీశం ఇటు నుంచి వచ్చి ఉంటాడా, అటు నుంచా అని చూశాను. వెంకటేశం గుర్తున్నాడు కదా, అగ్రహారం నుంచి చదువుకోసం విజయనగరం వచ్చి పరీక్ష తప్పిన కుర్రాడు. అందరికీ గిరీశం గుర్తుంటాడు, నాకు మాత్రం వెంకటేశమే. ఇంటికెళ్లి ఏం చెప్పాలా అని వాడు పడే టెన్షన్ నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది, తొమ్మిదో తరగతి క్వార్టర్లీలో లెక్కల్లో తప్పాను మరి.

తర్వాత పెద్దయ్యాక కన్యాశుల్కం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. చదివిన ప్రతిసారీ నాకొకటే అనిపిస్తుంది, పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు, నాకు మాత్రం గట్టి నమ్మకం. అగ్నిహోత్రావధానులు ఒకలా మాట్లాడతాడు, మధురవాణి ఒకలా, హెడ్ కానిస్టేబు ఒకలా, అసిరిగాడు ఒకలా, బైరాగి ఇంకోలా. ఇంతమంది నోళ్లు ఒక్క మనిషి చెవిలో ఎలా పడ్డాయి? ఏడిళ్లలో అన్నం తిన్నవాడి చెవి అది. ఒకే ఇంట్లో పెరిగిన పిల్లవాడు ఒకటే భాష వింటాడు. వారాల కుర్రాడు విస్తరి ముందు తల వంచుకుని కూర్చుని వంటింట్లో ఆడవాళ్ల మాటలు, అరుగు మీద మగవాళ్ల మాటలు, పెరట్లో పనివాళ్ల మాటలు అన్నీ వింటాడు, ఎందుకంటే ఆ ఇంట్లో మాట్లాడటానికి అతనికి హక్కు లేదు, వినడానికే ఉంది. నేను మూడిళ్ల వాణ్ణి, నాకే మూడు తెలుగులు వచ్చాయి.

గిడుగు సంగతి వేరు, వింటే గుండె బరువెక్కుతుంది. పర్లాకిమిడి చుట్టుపక్కల కొండల్లో సవరలు అనే గిరిజనులు. వాళ్ల భాషకి లిపి లేదు, పుస్తకం లేదు, ఊళ్లోవాళ్లకి వాళ్లంటే లెక్క లేదు. ఈయన తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నాడు, వాచకాలు రాశాడు, సొంత ఖర్చుతో బళ్లు పెట్టాడు. మద్రాసు ప్రభుత్వం డబ్బు బహుమానం ఇస్తానంటే నాకొద్దు, ఆ డబ్బుతో వాళ్లకి బడి పెట్టండి అన్నాడు. ఆ కొండల్లో తిరిగి తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైనుతో చెవుడు వచ్చింది. మనిషి మాట్లాడే భాషే భాష అని జీవితమంతా పోరాడినవాడికి మాట వినపడకుండా పోయింది. అయినా ఆగలేదు. సవర వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో, అప్పటికి ఆయనకి డెబ్బై అయిదేళ్లు.

అసలు యుద్ధం మాత్రం వాడుక భాషది. 1907లో యేట్సు అనే ఇంగ్లీషు దొర మన వైపు బళ్ల ఇన్‌స్పెక్టరుగా ఉండి, మీరు మాట్లాడే తెలుగొకటి, పిల్లలకి చెప్పే తెలుగొకటి ఏంటి అని అడిగాడు. ఆ ప్రశ్న పట్టుకుని ఒకే బడిలో చదువుకున్న ఆ ఇద్దరూ నిలబడ్డారు. ఎదురుగా, గ్రాంథికం వైపు, జయంతి రామయ్య పంతులు గారు, కాకలు తీరిన పండితులు. బళ్లల్లో వాడుక భాషకి కాస్త చోటు వచ్చినట్టే వచ్చి, మళ్లీ పోయింది. గురజాడ తన అసమ్మతిని మద్రాసు విశ్వవిద్యాలయానికి పెద్ద పత్రంగా రాసి ఇచ్చి, 1915 నవంబర్ 30న వెళ్లిపోయాడు. గెలవడం చూడలేదు. గిడుగు ఒక్కడే ఇంకో పాతికేళ్లు ఊరూరా తిరిగాడు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే అక్కడ ఉండలేక రాజమండ్రి వచ్చేశాడు, 1940 జనవరి 22న పోయాడు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని మనం తెలుగు భాషా దినోత్సవం అంటున్నాం.

విజయనగరానికి ఇలా బయటి నుంచి వచ్చినవాళ్లు వీళ్లిద్దరే కాదు. బడి ఒక్కదానితో ఆగదు ఈ లెక్క. కథలు రాసిన చాసో శ్రీకాకుళంలో పుట్టి దత్తతకి ఇక్కడికి వచ్చినవాడు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామమూర్తి ఈ ఊళ్లోనే కండలు పెంచి, కొన్నాళ్లు ఇక్కడే బడిలో వ్యాయామం మాస్టారుగా చేసి, ఆ తర్వాతే సర్కసుతో దేశాలు తిరిగాడు. ఇక ఘంటసాల. గుడివాడ దగ్గర చౌటపల్లి పిల్లవాడు, వేలి ఉంగరం అమ్ముకుని మా సంగీత కళాశాల కోసం వచ్చాడు. 1919లో పెట్టిన కళాశాల అది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాలు. ఘంటసాల వచ్చేసరికి ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఉన్నారు. పట్రాయని సీతారామశాస్త్రి గారు దగ్గర పెట్టుకుని పాఠం చెప్పారు, అన్నానికి మాత్రం జోలె పట్టి మధుకరం చేసుకున్నాడు. మా మేనత్త ఇంట్లో రేడియోలో ఆయన పాట వస్తే అత్త చేతిలో పని ఆపేసేది. "మన ఈదుల్లోన అడుక్కున్నాడంట నాయినా, ఎవుల్లో పెట్టుంటారు" అనేది. ఎవరో పెట్టుంటారు. ఆ ఇల్లాలి పేరు మనకి తెలియదు, గురజాడకి సోమవారం అన్నం పెట్టిన ఇల్లాలి పేరూ తెలియదు. ఈ గొప్పవాళ్ల జాబితాలు ఎక్కడ చూసినా నేను ముందు ఆ పేర్ల కోసమే వెతుక్కుంటాను.

టెన్త్ అయ్యాక మాస్టారు మా క్లాసుని గురజాడ ఇంటి దగ్గరికి నడిపించుకు వెళ్లారు. ఎండ. అక్కడ ఏమీ చెప్పలేదు ఆయన, అందరం ఇంటి ముందు కాసేపు నిలబడి వచ్చేశాం. తిరిగొస్తుంటే నన్ను పక్కకి పిలిచి, "ఇంటికి ఉత్తరాలు రాస్తావా?" అని అడిగారు.

రాసేవాణ్ణి. నెలకొకసారే ఇంటికి వెళ్లేవాణ్ణి కాబట్టి వారానికొక పోస్టు కార్డు రాయమని నాన్న చెప్పాడు, పదిహేను పైసల కార్డు. అమ్మకి చదువు రాదు. నాన్న రాత్రికి వచ్చేదాకా ఆగలేక పక్కింటి పోస్టల్ అప్పలనాయుడు గారి కోడలు చేత చదివించుకునేది. మొదటి ఏడాది అంతా నేను వాటిని గ్రంథంలోలా రాశాను. పూజ్యులైన తల్లిగారికి నమస్కరించి వ్రాయునది, నేనిచ్చట క్షేమము. ఒకసారి అమ్మ అది విని ఏమందో తర్వాత నాన్న చెప్పాడు. "ఇది మన గుంటడు రాసింది కాదు. ఎవుడి సేతో రాయించినాడు. ఒంట్లో బాగునేదేటో" అని రాత్రంతా నిద్రపోలేదట, తెల్లారగానే నన్ను చూసి రమ్మని నాన్నని పంపింది. మిల్లుకి సెలవు పెట్టి వచ్చాడు పాపం. నేను ఎక్కడ దొరికాను, టీ బడ్డీ దగ్గర గ్లాసులు కడుగుతూ. నాన్న నన్ను చూసి ఏమీ అనలేదు, నుదురు మీద చెయ్యి వేసి చూసి, ఒక టీ తాగి, అదే పాసింజరుకి వెళ్లిపోయాడు.

మాస్టారు వ్యాసం రోజు అన్న మాట తర్వాత, కార్డులు మాట్లాడినట్టే రాయడం మొదలుపెట్టాను. ఆ కోడలు చదువుతుంటే అమ్మ నవ్వేదట. ఇంకోసారి సదువు అని అదే కార్డు మూడుసార్లు చదివించుకునేదట.

అమ్మ పోయి ఆరేళ్లయింది. మొన్న వేసవిలో ఇల్లు సర్దుతుంటే, నేను విజయనగరం తీసుకెళ్లిన ఆ రేకు పెట్టెలోనే, పాత చీర మడతలో కార్డులు కనిపించాయి. చదవడం రాని మనిషి వాటిని విడివిడిగా రెండు కట్టలు కట్టింది. ఒక కట్టకి తెల్ల దారం, ఒక కట్టకి ఎర్ర దారం. గ్రంథం భాషవన్నీ తెల్ల దారంలో ఉన్నాయి. ఎలా గుర్తుపట్టిందో, ఏ కార్డు వినగానే ఏ కట్టలో పెట్టుకుందో.

ఎర్ర దారం కట్టలో అన్నిటికన్నా పైన ఉన్నది ఎక్కువ నలిగింది, సిరా సగం వెలిసిపోయింది. "అమ్మా, అత్త పనసపొట్టు కూర వండింది, ఆవ పెట్టింది గాని నువ్వు వండినట్టు నేదు. నెక్కల్లో ఈపాలి పేసయిపోనాను. శనివారం సాయంత్రం బండికి వచ్చీస్తాను, నాకు అన్నం ఉంచు."